విహార నౌక ఎక్కేవారికి సముద్రపు దొంగల భయం ఉందా, లేదా?

తీరం:
అమ్మానాన్నల పెళ్లయి నలభై ఏళ్లు నిండుతున్నాయి. ఆ సందర్భంగా వారిని విహార నౌకలో తీసుకెళ్లాలని నా కోరిక. నాకు నచ్చిన ప్రయాణం సూయజ్ కాలువ దాటి, ఎర్రసముద్రం, ఏడెన్ సింధుశాఖ మీదుగా హిందూ మహాసముద్రంలోకి వస్తుంది. అన్నయ్య ససేమిరా అంటున్నాడు. 2017లో సిడ్నీ నుంచి దుబాయ్ వెళ్తున్న సీ ప్రిన్సెస్ నౌకలో పది రాత్రులు డెక్కు మీద దీపాలు తగ్గించి, కిటికీలకు తెరలు దించి ఉంచారట. దొంగలు దాడి చేస్తే ఏం చేయాలో ప్రయాణికుల చేత కసరత్తు కూడా చేయించారట. ప్రమాదమే లేకపోతే ఇదంతా ఎందుకని అన్నయ్య ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. తెలిసినవారు చెప్పండి.

లంగరు:
సరుకు ఓడల్లో పదకొండేళ్లు పనిచేశాను. మీ అమ్మానాన్నలను నిశ్చింతగా తీసుకెళ్లండి అనే చెబుతాను, కారణంతో సహా.

దొంగల దగ్గర ఉండేది సన్నని పొడవాటి పడవ. వెనక మోటారు, లోపల తుపాకులు, ఒక తేలికపాటి నిచ్చెన. నిచ్చెన కొసకు ఇనుప కొక్కేలు ఉంటాయి. కదిలే ఓడ పక్కకు వచ్చి ఆ కొక్కెం రెయిలింగుకు తగిలించాలి, అలల మీద ఎగిరి పడుతూ ఎక్కాలి. నిండా చమురు నింపుకున్న ట్యాంకరు నీళ్లలో కూరుకుపోయి ఉంటుంది. డెక్కు మీద నిలబడి కిందికి చూస్తే అల చేతికి అందుతుందేమో అనిపిస్తుంది. పైగా నెమ్మదిగా నడుస్తుంది. అలాంటి ఓడలో రెయిలింగు చుట్టూ ముళ్ల తీగ చుట్టినవాణ్ణి నేను. చేతి తొడుగులు చినిగి అరచేతుల్లో రక్తం వచ్చేది. తెల్లవారుజామున వెనక డెక్కు మీద దుర్భిణి పట్టుకుని నిలబడితే, దూరాన కనిపించే ప్రతి చేపల పడవా దొంగల పడవలాగే ఉండేది.

పెద్ద విహార నౌక కథ వేరు. దాని పక్క గోడ కొన్ని అంతస్తుల ఎత్తు నిటారుగా ఉంటుంది, నిచ్చెన అందదు. వేగం 20 నాట్స్ దాకా ఉంటుంది. ఏడెన్ సింధుశాఖకు దక్షిణాన ఉన్న సోమాలియా నుంచి వచ్చే దొంగలు చెలరేగిపోతున్న రోజుల్లో నౌకా సంస్థలు, నౌకాదళాలు కలిసి ఓడలకు జాగ్రత్తల పుస్తకం తయారుచేశాయి. 18 నాట్స్‌కు, అంటే గంటకు సుమారు 33 కిలోమీటర్లకు మించిన వేగంతో పోతున్న ఓడను దొంగలు ఎక్కిన దాఖలా లేదని అందులోనే రాశారు.

దీపస్తంభం:
లంగరు గారి అనుభవాన్ని గౌరవిస్తూనే గట్టిగా విభేదిస్తున్నాను. ఎత్తు, వేగం చూసి దొంగలు అసలు జోలికే రారన్నట్టు మాట్లాడకూడదు. వచ్చారు, ఒకసారి కాదు.

2005 నవంబరు 5న సోమాలియాకు దూరంగా పోతున్న సీబోర్న్ స్పిరిట్ మీద తెల్లవారుజామున రెండు పడవల్లో వచ్చి తుపాకులతో, రాకెట్ గ్రెనేడ్లతో దాడి చేశారు. నౌకలో 151 మంది ప్రయాణికులున్నారు. చెవులు చిల్లులుపడే శబ్దాన్ని వదిలే యంత్రంతో, నీటి గొట్టాలతో సిబ్బంది వారిని అడ్డుకున్నారు. సిబ్బందిలో ఒకరు గాయపడ్డారు. ఒక గ్రెనేడు పేలకుండా నౌకలో దిగబడిపోయింది. అది పేలి ఉంటే ఈరోజు మనం ఈ నౌక గురించి వేరే విధంగా మాట్లాడుకునేవాళ్లం.

2008 నవంబరు 30న ఏడెన్ సింధుశాఖలో నాటికా నౌకను వెంటాడి కాల్పులు జరిపారు. 2009 ఏప్రిల్ 25న సీషెల్స్‌కు ఉత్తరాన, సుమారు వెయ్యి మంది ప్రయాణికులున్న ఎమ్మెస్సీ మెలోడీ దగ్గరికి వచ్చి ఎక్కడానికి ప్రయత్నించారు. ప్రయాణికులు డెక్కు మీది కుర్చీలు ఎత్తి వారి మీదికి విసిరారు. నౌకలోని కాపలాదారులు పిస్తోళ్లతో ఎదురు కాల్పులు జరిపాక గానీ వెనక్కి పోలేదు. సెలవులకు వెళ్లినవాళ్లు కుర్చీలతో పోరాడాల్సి వచ్చిన చోట ప్రమాదం లేదని నేను అనలేను.

లంగరు:
దీపస్తంభం గారూ, ఆ మూడు ఘటనలూ నిజమే, నేను కాదనను. మూడింటి ముగింపు కూడా చూడండి. ఒక్క దొంగ కూడా డెక్కు మీద కాలు పెట్టలేదు, ఒక్క ప్రయాణికుడూ బందీ కాలేదు. 2011లో ఒక్క సోమాలియా దొంగల దాడులే 237 నమోదయ్యాయి. అంత ఉధృతిలోనూ ప్రయాణికులున్న విహార నౌక ఒక్కటీ వారి చేతికి చిక్కలేదు. దాన్ని అదృష్టం అంటే ఒప్పుకోను.

2008 ఏప్రిల్‌లో చిక్కిన ల పొనాన్ విషయం ఎవరైనా ఎత్తుతారు కాబట్టి చెబుతున్నాను. అది తెరచాపలున్న చిన్న విలాస నౌక, నీటికి దగ్గరగా ఉండేది. అప్పుడు అందులో ప్రయాణికులు లేరు, 30 మంది సిబ్బందే ఉన్నారు. మీరు చెప్పిన సీబోర్న్ స్పిరిట్ కూడా చిన్న నౌకే. కాబట్టి తీరం గారు ‘విహార నౌక’ అన్న పేరు చూసి కాదు, దాని ఎత్తు, వేగం చూసి నిర్ణయించుకోవాలి. ఈ మాట నేను మొదటే చెప్పి ఉండాల్సింది.

ఇక తెరలు దించడం గురించి. రాత్రి దీపాలన్నీ వెలిగించిన విహార నౌక ఎంతో దూరం నుంచి కనిపిస్తుంది. పెద్దగా ఖర్చు లేని జాగ్రత్త కాబట్టి కెప్టెను తీసుకున్నాడు.

కెరటం:
మీరిద్దరూ దొంగల గురించే వాదిస్తున్నారు. తీరం గారు చెప్పిన దారిలో ఇప్పుడు పెద్ద ప్రమాదం వేరే ఉంది. 2023 నవంబరు 19న యెమెన్‌లోని సాయుధ తిరుగుబాటుదారులైన హౌతీలు హెలికాప్టర్‌లో దిగి గెలాక్సీ లీడర్ అనే వాహనాల రవాణా నౌకను పట్టుకున్నారు. తర్వాత ఎర్రసముద్రంలో వాణిజ్య నౌకల మీద క్షిపణులు, డ్రోన్లు ప్రయోగించారు. విహార నౌకల సంస్థలు చాలావరకు ఆ దారి మానుకున్నాయి, కొన్ని ఆఫ్రికా చుట్టూ తిప్పాయి. క్షిపణికి ఓడ ఎత్తు, వేగం అడ్డం కావు.

1985 అక్టోబరులో అకిలె లౌరో నౌకను పట్టుకుని ఒక ప్రయాణికుణ్ణి చంపినవాళ్లు కూడా డబ్బు కోసం వచ్చిన దొంగలు కారు. రాజకీయ డిమాండ్లతో ముందే ప్రయాణికుల్లా ఎక్కి కూర్చున్నవాళ్లు. 2012 జనవరిలో కోస్టా కాంకోర్డియాలో 32 మంది చనిపోయింది రాతిని ఢీకొనడం వల్ల. అన్నయ్య గారి భయం సబబే, అది దొంగల మీదే నిలిచిపోవడం సబబు కాదు.

దీపస్తంభం:
కెరటం గారి మాట ఒప్పుకుంటాను. పెద్ద నౌక విషయంలో లంగరు గారి వాదనకూ తలవంచుతాను. ఒక్క విషయంలో మాత్రం తగ్గను. తెరలు దించాలని సంస్థకు ముందే తెలిసినప్పుడు, ఆ మాట టికెట్టు అమ్మేటప్పుడే చెప్పాలి. డెబ్బై ఏళ్ల మనిషికి నడిసముద్రంలో దొంగల కసరత్తు గురించి తొలిసారి చెప్పడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

లంగరు:
ఇందులో మీతోనే ఉన్నాను. కసరత్తులో నేర్పేది చాలా సులభం కూడా. బాల్కనీ వదిలి లోపలికి రావాలి, కిటికీలకు దూరంగా, గదుల మధ్య ఉండే దారిలో నేల మీద కూర్చోవాలి. కెప్టెను నౌకను ఒక్కసారిగా పక్కకు తిప్పితే నిలబడ్డవాళ్లు పడిపోతారు. పెద్దవాళ్లకు తుపాకి గుండు కన్నా ఆ పడిపోవడమే ఎక్కువ ప్రమాదం.

ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. విహార నౌక దగ్గరికి దొంగలొస్తే ప్రపంచమంతా వార్త. సరుకు ఓడల నావికుల సంగతి అలా కాదు. 2010లో సోమాలియా దొంగలు ఆస్ఫాల్ట్ వెంచర్ అనే సరుకు ఓడను పట్టుకున్నారు. 2011లో డబ్బు ముట్టాక ఓడను వదిలారు గానీ ఏడుగురు భారతీయ నావికులను తమ దగ్గరే ఉంచుకున్నారు. వాళ్లు విడుదలైంది 2014 అక్టోబరులో. 2020లో ప్రపంచమంతటా 135 మంది నావికులను ఎత్తుకుపోతే, వారిలో 130 మందిని పశ్చిమాఫ్రికా తీరంలోని గినియా సింధుశాఖలోనే ఎత్తుకుపోయారు. వీరెవరూ విహారానికి వెళ్లినవారు కారు. నాతోటి నావికులు వీళ్లు.

తీరం:
అందరికీ కృతజ్ఞతలు. చర్చ మొత్తం అన్నయ్యకు చదివి వినిపించాను. ఆస్ఫాల్ట్ వెంచర్ దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నాడు. ఎర్రసముద్రం దారి వదిలేస్తున్నాం. వేరే దారిలో వెళ్లే నౌకల వేగం, అన్నిటికన్నా కింద ఉండే బయటి డెక్కు నీటికి ఎంత ఎత్తున ఉంటుందో, రాత్రి ఆంక్షలు ఉంటాయో లేదో సంస్థలను అడుగుతున్నాను.

దీపస్తంభం:
ఫోనులో అడగకండి. రాతపూర్వకంగా తీసుకోండి.