వెనక బీమ్ మార్చాక బ్రేకు కుదరట్లేదు: పెడల్ లోతుకు దిగుతోంది, గట్టిగా తొక్కితే తోక తిరుగుతోంది

ప్రశ్న:
ఫ్రంట్ వీల్ డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్. బరువు 1000 కేజీలు, ఏబీఎస్ లేదు. వెనక ట్విస్ట్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే అడ్డ దూలం) వెల్డింగ్ దగ్గర చీలితే, అదే మోడల్ పై వేరియంట్ బీమ్ తెచ్చి వేశాను. పాతదానికి డ్రమ్ములు, దీనికి డిస్కులు. హ్యాండ్ బ్రేక్ కాలిపర్‌లోనే (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) ఉంది. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను నెట్టేది) పాతదే, 20.64 మి.మీ. లోడ్ సెన్సింగ్ వాల్వు (వెనక బరువు తక్కువైతే వెనక బ్రేకు ప్రెషర్ కోసేది) కూడా పాతదే, దాని లింకును కొత్త బీమ్ బ్రాకెట్‌కే తగిలించాను. లైన్లు ఐమూలగా ఉన్నాయి, అంటే ముందు ఎడమ, వెనక కుడి ఒక సర్క్యూట్.
మొదటి తొక్కుకు పెడల్ సగం దాటి దిగుతోంది, రెండో తొక్కుకు పైకొస్తోంది. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే వెనక చక్రాలే ముందు పట్టేసి బండి అడ్డం తిరగబోతోంది. వెనక లైనులో తిప్పి సర్దుకునే ప్రొపోర్షనింగ్ వాల్వు (వెనక ప్రెషర్ తగ్గించేది) ఒకటి పెడితే సరిపోతుందా అన్నా?

జవాబు 1:
వాల్వు సంగతి చివర్న చూద్దాం, ముందు పెడల్. రెండో తొక్కుకు పైకొచ్చి కూడా స్పాంజిలా మెత్తగా ఉంటే లైన్లో గాలి ఉన్నట్టు. పైకొచ్చి రాయిలా గట్టిపడితే ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య ఎడం ఎక్కువన్నమాట. మీ కాలిపర్ పిస్టన్ ఎంత? 34 మి.మీ. అనుకుంటే దాని వైశాల్యం 908 చదరపు మి.మీ., మాస్టర్ వైశాల్యం 335. రెండు వెనక కాలిపర్లలో ఒక్కో పిస్టన్ 1 మి.మీ. అదనంగా కదలాల్సి వస్తే మాస్టర్‌లో ఒక్కో గదికి 2.7 మి.మీ. పోతుంది. రెండు గదులూ ఒకదాని వెనక ఒకటి కాబట్టి ఆ రెండూ కలిసిపోయి 5.4 అవుతుంది. పెడల్ నిష్పత్తి 4 అయితే కాలి కింద దాదాపు 22 మి.మీ. మాయం. 1 మి.మీ.కే ఇంత!

ఎడం ఎందుకు వస్తుందంటే, హ్యాండ్ బ్రేక్ కాలిపర్‌లో ఉన్నప్పుడు పిస్టన్‌ను లోపలికి నొక్కకూడదు, తిప్పుతూ దించాలి. ఆపైన కేబుల్ బిగుతుగా ఉంటే కాలిపర్ మీది లివర్ తన స్టాప్‌కు ఆనదు, అప్పుడు ఎడాన్ని తనంతట తానే సర్దే లోపలి ఆటో అడ్జస్టర్ పనిచేయదు. కేబుల్ పూర్తిగా వదులు చేయండి, రెండు లివర్లూ స్టాప్‌కు తగిలాయో లేదో వేలితో తోసి చూడండి, ఇంజిన్ ఆన్ చేసి పెడల్‌ను ఇరవై ముప్పై సార్లు తొక్కండి. కేబుల్ సర్దడం ఆ తర్వాతే. చాలామంది కేబుల్‌తో మొదలుపెట్టి ఇక్కడే దెబ్బతింటారు.

గాలి అనిపిస్తే నిపుల్ (లైన్లో గాలి బయటికి తీసే చోటు) ఎటుందో చూడండి. కాలిపర్‌లో నిపుల్ పైకే ఉండాలి. ఎడమది కుడికి వేస్తే నిపుల్ కిందికొస్తుంది, అప్పుడు లీటరు డాట్ 4 బ్రేకు ఆయిల్ పోసినా పైన బుడగ అలాగే ఉంటుంది.

జవాబు 2:
దీనికి ఒక ముక్క కలుపుతాను. లోడ్ సెన్సింగ్ వాల్వున్న బండిని స్టాండ్ల మీద పెట్టి, వెనక చక్రాలు వేలాడుతుండగా గాలి తీయకండి. బీమ్ కిందికి జారితే వాల్వు చెయ్యి దిగిపోతుంది, వెనక ఆయిల్ సన్నటి ధారగా వస్తుంది, గాలి పైపులోనే చిక్కుకుంటుంది. రెండు వైపులా బీమ్ కింద జాకీ పెట్టి, చక్రం నేల మీద ఉన్నప్పటి ఎత్తుకు లేపి అప్పుడు తీయండి.

బీమ్ పివట్ బోల్టులు కూడా ఆ ఎత్తులోనే బిగించాలి. వేలాడుతున్నప్పుడు బిగిస్తే బుష్ రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది, పైగా వెనక భాగం కొంచెం ఎత్తుగా నిలబడుతుంది. ఆ ఎత్తు వాల్వు చేతిని కూడా మోసం చేస్తుంది.

పైపుల్లో ఒక చిక్కుంది. చివర ఉబ్బు ఆకారంలో ఉండే బబుల్ ఫ్లేర్, లోపలికి మడిచిన డబుల్ ఫ్లేర్ ఒకటి కావు. నట్టు మర ఎం10×1.0 ఒకటే అయినా సీటు కుదరదు. బిగించినప్పుడు కారదు, గట్టిగా తొక్కితే చెమ్మ కడుతుంది.

జవాబు 1:
ఇక తోక తిరగడం. గట్టిగా తొక్కితే బరువు ముందుకు పోతుంది. వీల్ బేస్ 2.4 మీటర్లు, బరువు కేంద్రం ఎత్తు 0.55 మీటరు, ముందు 600, వెనక 400 కేజీలనుకోండి. 0.8 జీ (భూమి ఆకర్షణలో 0.8 వంతు) బ్రేకు వద్ద 1000 × 0.8 × 0.55 ÷ 2.4 అంటే 183 కేజీలు ముందుకెళ్తాయి, వెనక మిగిలేవి 217. మొత్తం బ్రేకులో వెనక వాటా 22 శాతం దాటితే వెనకదే ముందు పట్టేస్తుంది.

డ్రమ్ములో ముందు షూ (డ్రమ్ముకు లోపలి నుంచి రాసుకునే ముక్క) తనను తానే లాక్కుంటుంది, అందుకే చిన్న వీల్ సిలిండర్ సరిపోతుంది. 17.46 మి.మీ. అయితే 239 చదరపు మి.మీ. దాన్ని డ్రమ్ము గుణకం 2.2తో, 100 మి.మీ. వ్యాసార్ధంతో గుణిస్తే సుమారు 52,600. డిస్కుకు గుణకం 0.76, వ్యాసార్ధం 98 మి.మీ. అయితే 908 × 0.76 × 98, అంటే 67,600. అదే ప్రెషర్‌కు వెనక బలం దాదాపు 29 శాతం పెరిగింది. ప్యాడ్ రాపిడి బట్టి ఇది అటూఇటూ అవుతుంది. పాత వాల్వును డ్రమ్ముల కోసం కట్టారు, దానికి ఈ సంగతి తెలీదు.

ప్రశ్న అడిగినవారు:
కేబుల్ వదులు చేసి తొక్కాక పెడల్ బాగా పైకొచ్చింది, థాంక్స్. రోలర్ టెస్టర్ మీద పెట్టించాను: ముందు 210, 200, వెనక ఎడమ 150, కుడి 105 కేజీల బలం. వాల్వు లింకు తగిలే రంధ్రం కొత్త బీమ్‌లో పాతదానికంటే 14 మి.మీ. పైన ఉంది. పిస్టన్ 34 మి.మీ.

జవాబు 2:
ఆ 14 మి.మీ.లోనే ఉంది అసలు కథ. లింకు పైకి నెడుతుంటే డిక్కీ నిండా సరుకున్నట్టు వాల్వు అనుకుంటుంది, ప్రెషర్ కోయదు. మొత్తం 665లో వెనక 255, అంటే 38 శాతం. 665 అంటే 0.66 జీ, అక్కడ వెనకకు తగినది 25 శాతం. రోలర్ మీద బండి ముక్కు వంగదు కాబట్టి రోడ్డు మీద వాల్వు ఇంకొంచెం కోస్తుంది. అయినా 38 చాలా ఎక్కువ.

ఎడమ, కుడి తేడా (150 − 105) ÷ 150, అంటే 30 శాతం. బ్యాలెన్స్ సర్దే ముందు ఇది తేల్చాలి. కుడి కాలిపర్ స్లైడ్ పిన్ను చేత్తో కదులుతోందా చూడండి. పట్టేసి ఉంటే పిన్ను శుభ్రం చేసి, బ్రేకుకు పనికొచ్చే సిలికాన్ గ్రీజే రాయండి. పెట్రోలియం గ్రీజు బూట్లను ఉబ్బిస్తుంది.

జవాబు 1:
వాల్వు విషయంలో నా మాట: డిస్కు వేరియంట్‌కు వచ్చే వాల్వు, లింకు రెండూ కలిపి తెచ్చి వేయండి. ఖాళీ బండి నేల మీద నిలిచి ఉన్నప్పుడు లింకు పొడవు మాన్యువల్ ప్రకారం సర్ది, ముందు ఒక నిపుల్‌కు, అదే సర్క్యూట్ వెనక నిపుల్‌కు గేజీలు పెట్టి రెండు ప్రెషర్లూ రాసుకోండి. రెండో సర్క్యూట్‌కూ అంతే. గేజీ తీశాక మళ్ళీ గాలి తీయాలి.

మీరడిగిన తిప్పే వాల్వు మీ బండికి ఒకటి చాలదు. ఒక్కటే పెట్టాలంటే రెండు వెనక లైన్లూ కలపాలి. అప్పుడు రెండు సర్క్యూట్లూ ఒకటైపోయి, ఎక్కడ ఒక పైపు కారినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. పెడితే రెండు, రెండూ ఒకే అంకె మీద. అది ప్రెషర్ తగ్గించగలదే తప్ప పెంచలేదు. ముందు లైనులో ఎప్పుడూ పెట్టకండి.

కొత్త ప్యాడ్లయితే 60 నుంచి 20కి ఓ మోస్తరుగా పదిసార్లు, మధ్యలో చల్లారనిస్తూ ఆపి, అప్పుడే మళ్ళీ కొలవండి. ఆ తర్వాత ఖాళీ జాగాలో 40 దగ్గర గట్టిగా తొక్కండి, బయటి నుంచి ఒకరు చక్రాలు చూడాలి. ముందువి పట్టేసినప్పుడు వెనకవి ఇంకా తిరుగుతుండాలి.