బీటెక్ సీటు వచ్చింది, రీయింబర్స్‌మెంట్ పోను మిగతా ఫీజు సంగతేంటి?

పెద్దపల్లి_నాన్న:
పాప బీసీ-డి. తెలంగాణ ఎప్‌సెట్‌లో ర్యాంకు 20 వేల పైన. కన్వీనర్ కోటాలో ప్రైవేటు కాలేజీ వచ్చేలా ఉంది, ట్యూషన్ ఫీజు ఏడాదికి 1,20,000. మాది కిరాణా కొట్టు. ఈపాస్‌కు (రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు పెట్టే ప్రభుత్వ పోర్టల్) ముందే ఏమేం సిద్ధం చేసుకోవాలి, తేడా ఎక్కడ కొడుతుంది? మిగిలిన డబ్బుకు బ్యాంకు లోన్ పెడితే ఏం అడుగుతారు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

స్కాలర్‌షిప్_సెక్షన్:
అన్నా, ముందు లెక్క తేల్చుకుందాం. బీసీ, ఈబీసీ పిల్లలకు ర్యాంకు 10,000 లోపు ఉంటే పూర్తి ట్యూషన్ ఫీజు ఇస్తారు, దాటితే ఏడాదికి 35,000. ఎస్సీ, ఎస్టీలకు ర్యాంకుతో పనిలేదు, పూర్తి ఫీజు వస్తుంది. అంటే మీరు ఏటా 85,000 కట్టుకోవాలి. హాస్టలు, కాలేజీ బస్సు ఖర్చు దీనికి అదనం.

ఆదాయ పరిమితి బీసీ, ఈబీసీలకు పల్లెల్లో 1,50,000, పట్టణాల్లో 2,00,000. సర్టిఫికెట్‌లో ఏ చిరునామా ఉందో చూసుకోండి. 1,60,000 అని ఉన్న కాగితం పట్టణంలో చెల్లుతుంది, పల్లెలో చెల్లదు.

అన్నిటికన్నా ముఖ్యం ఆదాయ ధ్రువపత్రం తేదీ. కౌన్సెలింగ్ జరిగే ఏడాది జనవరి 1 నుంచి ఇటు తహసీల్దార్ ఇచ్చినదై ఉండాలి. చాలామంది దీన్ని ఈపాస్ కాగితం అనుకుని, సీటొచ్చాక చూద్దాంలే అంటారు. కానీ కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల వెరిఫికేషన్ అప్పుడే ఇది కావాలి. అక్కడ ఎక్కిన ఆదాయాన్ని బట్టే అలాట్‌మెంట్ ఆర్డర్‌లో మీరు కట్టాల్సిన ఫీజు పడుతుంది. అక్కడ ఆదాయం ఎక్కకపోయినా, తప్పుగా ఎక్కినా ఆర్డర్‌లో 1,20,000 మొత్తం కనబడుతుంది. తర్వాత కాలేజీ చుట్టూ తిరిగినా లాభం లేదు, ఎందుకంటే ఆ అంకె కాలేజీ వేసింది కాదు. వెరిఫికేషన్ అయ్యాక ఇచ్చే రసీదు మీద ఆదాయం, కులం, లోకల్ స్థితి మూడూ సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదవండి. తప్పుంటే టేబుల్ దగ్గరున్న అధికారికే చెప్పి దిద్దించుకోండి.

మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు రీయింబర్స్‌మెంట్ రాదు. “స్పాట్‌లో చేరండి, తర్వాత మేం చూసుకుంటాం” అని ఎవరైనా అంటే నమ్మకండి.

మీసేవ_కౌంటర్:
పైన అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా వైపు నుంచి జరిగే పొరపాట్లు కూడా చెబుతా.

ఆదాయం సర్టిఫికెట్ నంబరు ఐసీ అక్షరాలతో, కులం సర్టిఫికెట్ సీఎన్‌డీ అక్షరాలతో మొదలవుతుంది. ఈపాస్‌లో నంబరు కొట్టగానే వివరాలు మీసేవ నుంచి వాటంతటవే వస్తాయి. రాకపోతే ముందు చూడాల్సింది సున్నా బదులు ఓ అక్షరం పడిందా అని. అక్షరాల తర్వాత ఉండేవన్నీ అంకెలే. రెండోది, ఐసీ నంబరు గడిలో సీఎన్‌డీ నంబరు వేసేయడం. ఈ రెండూ కాకపోతే సర్టిఫికెట్‌లో పేరు చూడండి. కులం సర్టిఫికెట్ పాప పేరున ఉండాలి. నాన్న పేరున ఉన్నది తెచ్చి అప్‌లోడ్ చేస్తామంటే కుదరదు.

ఇక పేర్లు. పదో తరగతి మెమోలో ఉన్న పేరే మూలం. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి మెమోలో ఒక్క అక్షరమే ఉంటే, లేదా పుట్టిన తేదీ ఒక్క రోజు తేడా ఉన్నా దరఖాస్తు ముందుకు కదలదు. మెమో మార్చడం పెద్ద పని, ఆధార్ మార్చడం తేలిక. కాబట్టి మెమో ప్రకారం ఆధార్ దిద్దించండి. అందుకు మెమో ఒరిజినల్ పట్టుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లాలి. పుట్టిన తేదీ మార్పు ఒక్కసారే ఇస్తారు, పేరు మార్పుకు రెండు అవకాశాలే. అందుకే తొందరపడి ఏదో ఒకటి రాయించకుండా మెమో ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం చూసి రాయించండి. ఇంటర్ పరీక్షలు అవగానే ఈ పని మొదలుపెడితే కౌన్సెలింగ్ నాటికి తీరుబడిగా అయిపోతుంది.

అనంత_విద్యార్థి:
ఇది తెలంగాణ సంగతి కదండి. ఆంధ్రలో కూడా ఇదే పద్ధతా?

స్కాలర్‌షిప్_సెక్షన్:
కాదు తమ్ముడూ, అక్కడ పోర్టల్ జ్ఞానభూమి. 2020లో మొదలైన విద్యా దీవెన నిబంధనల్లో కుటుంబ ఆదాయం 2,50,000 లోపు ఉండాలి. ఆదాయంతోపాటు భూమి కూడా చూస్తారు: మాగాణి 10 ఎకరాలు, మెట్ట 25 ఎకరాలు, రెండూ కలిపితే 25 దాటకూడదు. సొంత కారు, ఆదాయపు పన్ను, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం కూడా అడ్డొస్తాయి. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. తిరస్కరణలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. పేరు ఒకటే అయిన వేరే మనిషి భూమో, ఎప్పుడో అమ్మేసిన బండో మీ ఆధార్‌కు అంటుకుని ఉంటుంది. గ్రామ, వార్డు సచివాలయంలోని సంక్షేమ, విద్యా సహాయకుడి దగ్గర ఏ కారణంతో ఆగిందో అడగండి. బండి అయితే రవాణా శాఖలో పేరు మార్పు కాగితం, భూమి అయితే రెవెన్యూ కాగితం పెట్టి అర్జీ ఇవ్వాలి. నోటిమాటగా చెబితే పని జరగదు.

లోన్_డెస్క్:
బ్యాంకు విషయం నేను రాస్తాను. పెద్దపల్లి గారు, ఏటా 85,000 చొప్పున నాలుగేళ్లకు 3,40,000. 4,00,000 లోపు విద్యా రుణానికి పూచీకత్తు ఆస్తి అడగకూడదు, మార్జిన్ (ఫీజులో మీ చేతి నుంచి పెట్టాల్సిన వాటా) కూడా ఉండదు. 4 లక్షలు దాటితే దేశంలో చదువుకు 5 శాతం మార్జిన్ మీరు పెట్టుకోవాలి. 7,50,000 వరకు క్రెడిట్ గ్యారంటీ ఫండ్ (అప్పు వసూలు కాకపోతే బ్యాంకుకు ఉండే ప్రభుత్వ హామీ) ఉంది కాబట్టి అక్కడిదాకా కూడా ఆస్తి తాకట్టు అవసరం లేదు. బ్రాంచిలో “ఇల్లు కాగితాలు తెండి” అంటే ఏ నిబంధన కింద అడుగుతున్నారో మర్యాదగా కాగితం మీద రాసివ్వమనండి. చాలావరకు మాట అక్కడే మారుతుంది.

తీసుకెళ్లాల్సినవి: అలాట్‌మెంట్ ఆర్డర్, కాలేజీ లెటర్‌హెడ్ మీద నాలుగేళ్ల ఫీజు ఏడాదివారీగా, పది, ఇంటర్ మెమోలు, ఎప్‌సెట్ ర్యాంకు కార్డు, పాపకూ మీకూ పాన్, ఆధార్, మీ ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఆదాయం సర్టిఫికెట్. పాప పేరున పాన్ లేక ఆగిపోయే ఫైళ్లు ఎక్కువ. సీటు రాకముందే పాన్‌కు పెట్టండి.

ఫీజు లెటర్‌లో హాస్టలు, పరీక్ష ఫీజు, ల్యాబు, లైబ్రరీ విడివిడిగా రాయించండి. అందులో ఉన్నదానికే లోన్ ఇస్తారు. ల్యాప్‌టాప్ కావాలంటే కొటేషన్ ముందే జతచేయండి. శాంక్షన్ అయ్యాక రెండో ఏడాదిలో హాస్టలు కలపమంటే మళ్లీ మొదటికొస్తుంది.

మీ సిబిల్ (పాత అప్పులు ఎలా కట్టారో చూపే స్కోరు) కూడా చూసుకోండి. లోన్ పాప పేరున అయినా సహ దరఖాస్తుదారు మీరే. కొట్టు కోసం తీసుకున్న పాత అప్పు సెటిల్‌మెంట్‌లో మూసి ఉంటే దాని నో డ్యూస్ కాగితం వెంట ఉంచండి.

పెద్దపల్లి_నాన్న:
వడ్డీ లెక్క ఎలా ఉంటుందండి? అదే భయంగా ఉంది.

లోన్_డెస్క్:
10 శాతం అనుకుని చూపిస్తా, మీ బ్యాంకు రేటు వేసి మార్చుకోండి. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది మారటోరియం, అంటే కిస్తీలు కట్టక్కర్లేని గడువు. అప్పటిదాకా సాధారణ వడ్డీయే పడుతుంది. చక్రవడ్డీ ఉండదు. మొదటి ఏడాది ఇచ్చిన 85,000 మీద ఐదేళ్లకు 42,500. రెండో ఏడాది దాని మీద నాలుగేళ్లకు 34,000. మూడోది 25,500, నాలుగోది 17,000. మొత్తం వడ్డీ 1,19,000. అంటే కిస్తీలు మొదలయ్యే రోజుకు 3,40,000 కాస్తా 4,59,000 అవుతుంది. ఆ మొత్తం మీదే కిస్తీ కడతారు.

అదే వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తే మొదటి ఏడాది నెలకు సుమారు 710 రూపాయలు, నాలుగో ఏడాదికి 2,830 చిల్లర. కిరాణా కొట్టుకు ఇది మోయగలిగిన బరువే. మారటోరియంలో వడ్డీ కడుతూ వచ్చినవాళ్లకు రేటులో 1 శాతం దాకా రాయితీ ఇచ్చే బ్యాంకులున్నాయి, శాంక్షన్ లెటర్‌లో ఆ మాట ఉందో లేదో చూసుకోండి. చదువైపోయాక తిరిగి కట్టడానికి 15 ఏళ్ల దాకా గడువు దొరుకుతుంది.

వరంగల్_అక్క:
కేంద్రం విద్యా రుణ పథకం పీఎం విద్యాలక్ష్మి గురించి ఎవరూ రాయలేదు. 3 శాతం వడ్డీ తగ్గుతుందని అందరూ చెబుతున్నారు, ఆయనకు వర్తించదా?

లోన్_డెస్క్:
రెండు మెలికలున్నాయి మేడం. ఆ పథకం 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించింది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం కాలేజీలకు ఇచ్చే ర్యాంకింగ్) ర్యాంకులను బట్టి ఎంచిన కాలేజీలకే వర్తిస్తుంది. మొదటి జాబితాలో 860 సంస్థలు. మీ కాలేజీ అందులో ఉందో లేదో పోర్టల్‌లో ముందు వెతకండి. లేకపోతే మామూలు విద్యా రుణమే.

రెండోది, 3 శాతం రాయితీ 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు, 10 లక్షల లోన్ దాకా. కానీ వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కో, వడ్డీ రాయితీకో అర్హత ఉన్నవాళ్లకు అది రాదు. రీయింబర్స్‌మెంట్ తీసుకునే పాపకు ఆ 3 శాతం లెక్కలో వేసుకోవద్దు. 4,50,000 లోపు ఆదాయం ఉన్నవాళ్లకు మారటోరియం వడ్డీ కేంద్రమే భరించే మరో పథకం ఉంది, కాలేజీకి న్యాక్ లేదా కోర్సుకు ఎన్‌బీఏ నాణ్యతా గుర్తింపు కావాలి. దానికి కూడా రీయింబర్స్‌మెంట్ సంగతి దాచకుండా చెప్పి, వర్తిస్తుందో లేదో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

వరంగల్_అక్క:
అయితే ఆడపిల్లలకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది కదా, ఏడాదికి 50,000. 35,000 కన్నా అదే మేలు.

స్కాలర్‌షిప్_సెక్షన్:
అంకె పెద్దదే అక్కా, కానీ నేను ఒప్పుకోను. ప్రగతి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. ఆదాయం 8 లక్షల లోపు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా, ఏఐసీటీఈ గుర్తింపున్న కాలేజీలో మొదటి ఏడాది చేరినవాళ్లకు. సీట్లు లెక్కగా ఉంటాయి, మెరిట్ మీద ఇస్తారు. అర్హత ఉన్నంత మాత్రాన వస్తుందని లేదు. రెండు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు ఒకేసారి తీసుకోవడానికీ లేదు. 35,000 మాత్రం అర్హత ఉంటే హక్కుగా వచ్చేది. చేతిలో ఉన్నది వదిలి ప్రగతి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఆదాయం 2 లక్షలు దాటి ఈపాస్ రాని ఇళ్లకు మాత్రం ప్రగతి తప్పకుండా పెట్టాల్సిందే. అలాంటి వాళ్లే దీన్ని ఎక్కువగా వదిలేస్తున్నారు, అది నిజంగా బాధాకరం.

మీసేవ_కౌంటర్:
బ్యాంకు ఖాతా మాట మరిచిపోయారు. ట్యూషన్ ఫీజు కాలేజీకి వెళ్లినా మెయింటెనెన్స్ (తిండి, ఉండటానికి ఇచ్చే) డబ్బు విద్యార్థి ఖాతాకే వస్తుంది. ఎస్సీ పిల్లలకైతే 2021-22 నుంచి కేంద్రం వాటా 60 శాతం విద్యార్థి ఖాతాకే వేయాలన్నది నిబంధన. అది పడ్డాక కాలేజీకి కట్టాల్సింది విద్యార్థే, ఖర్చుపెట్టేస్తే ఫీజు బాకీగా నిలుస్తుంది.

బ్యాంకులో ఆధార్ ఇచ్చాం కదా అంటారు. కేవైసీకి ఇవ్వడం వేరు, డీబీటీకి (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటానికి) ఆధార్‌ను ఖాతాకు ముడిపెట్టే సీడింగ్ వేరు. మై ఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ తెరిస్తే ఏ బ్యాంకు పేరు కనిపిస్తుందో డబ్బు అక్కడికే పోతుంది. ఆ తర్వాత వేరే బ్యాంకులో సీడింగ్ చేయిస్తే దానికి మారిపోతుంది. ఫోన్ కంపెనీల పేమెంట్ బ్యాంకులో తెలియకుండా తెరుచుకున్న ఖాతాకు పోయే డబ్బు ఇలాంటిదే.

స్కూల్లో తెరిచిన చిన్న ఖాతా అయితే ఇంకో చిక్కు. స్మాల్ అకౌంట్‌లో నిల్వ 50,000 మించకూడదు, ఏడాదిలో జమలు 1,00,000 మించకూడదు. పెద్ద మొత్తం వస్తే వెనక్కి పోతుంది. పూర్తి కేవైసీ ఇచ్చి మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్పించండి.

స్కాలర్‌షిప్_సెక్షన్:
ఈపాస్ ఆన్‌లైన్‌లో సబ్మిట్ కొట్టగానే అయిపోయిందనుకోకండి. ప్రింటు తీసి, పది మెమో, ఇంటర్ మెమో, టీసీ, బోనఫైడ్‌లు, ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ, కులం, ఆదాయం, అలాట్‌మెంట్ ఆర్డర్ జతచేసి కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఇవ్వాలి. ఇచ్చిన రోజే మీ జిరాక్సు మీద తేదీ వేయించి సంతకం తీసుకోండి. కాలేజీ లాగిన్‌లో వెరిఫై చేసి జిల్లా సంక్షేమ అధికారికి పంపితేనే అది కదులుతుంది. పదిహేను రోజులకోసారి అప్లికేషన్ స్టేటస్ చూడండి. కాలేజీ దగ్గరే ఆగి ఉంటే కాలేజీని, సంక్షేమ శాఖ దగ్గర ఆగితే అక్కడే అడగండి. శాంక్షన్ అయి పేమెంట్ కాకపోతే అది బడ్జెట్ విడుదల సంగతి, ఎవరి చుట్టూ తిరిగినా లాభం లేదు. బకాయిలు పేరుకుపోవడం కొత్త కాదు.

అలా ఆలస్యమైనప్పుడు కొన్ని కాలేజీలు 35,000 ముందు కట్టమంటాయి. కట్టాల్సి వస్తే రసీదు మీద “రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి ఇచ్చే షరతుతో” అని రాయించుకోండి.

పెద్దపల్లి_నాన్న:
ఆఖరి సందేహం. లోన్ 1,20,000 చొప్పున అడిగి, రీయింబర్స్‌మెంట్ వచ్చాక సర్దుకోవచ్చా?

లోన్_డెస్క్:
సర్దుకోవచ్చు. కానీ 4,80,000 అంటే 4 లక్షలు దాటి 5 శాతం మార్జిన్‌లోకి వెళ్తారు, వడ్డీ కూడా ఎక్కువ మొత్తం మీద నడుస్తుంది. అదనంగా వచ్చిన 35,000 కాలేజీ మీకు తిరిగి ఇస్తే అదే రోజు లోన్ ఖాతాలో కట్టండి. నా సలహా 3,40,000కే అడగండి, ఆ 35,000 ఆలస్యమైతే కాలేజీతో గడువు మాట్లాడుకోండి. ఏటా లోన్ విడుదలకు గత ఏడాది మార్కుల మెమో, కాలేజీ డిమాండ్ లెటర్ పట్టుకుని కనీసం మూడు వారాల ముందు బ్రాంచికి వెళ్లండి. డబ్బు నేరుగా కాలేజీకే పోతుంది. డిమాండ్ లెటర్‌లో కాలేజీ ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, పాప అడ్మిషన్ నంబరు లేకపోతే ఆ లెటర్ వెనక్కి వస్తుంది.