9ఎక్స్ స్కోప్‌కి బూస్టర్ వేస్తే గ్రూపు తగ్గుతుందా?

ఓరుగల్లు177
అందరికీ నమస్తే. హన్మకొండ దగ్గర మా మామిడితోటలో, వెనక ఎత్తైన మట్టికట్ట చూసుకొని, 25 మీటర్లకు బెంచ్ మీంచి కాగితం టార్గెట్లు కొడుతుంటాను. 177 బోరు పీసీపీ (ముందే గాలి నింపుకొని కొట్టే) ఎయిర్ రైఫిల్, 20 జౌల్స్ లోపుది, లైసెన్సు అక్కర్లేదు. స్కోప్ 3-9×40, అంటే 3 నుంచి 9 రెట్లు పెంచి చూపేది, ముందు వైపు లెన్సు 40 మిల్లీమీటర్లు. గ్రూపు, అంటే ఐదు పెల్లెట్లు కొడితే చెదిరే మేర, పది రూపాయల బిళ్లంత వస్తోంది. ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్సు) వెనక తగిలించే 2ఎక్స్ బూస్టర్ ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను. 9 కాస్తా 18 అవుతుందట. ఎవరైనా వాడారా?

గ్రానైట్_బెంచి (కరీంనగర్)
వాడాను తమ్మీ, తీసి డబ్బాలో పడేశాను. క్రాస్‌హెయిర్ (గురి చూసే అడ్డగీత, నిలువుగీత) ఉండేది స్కోప్ లోపల, బూస్టర్ కూర్చునేది ఐపీస్ వెనక. టార్గెట్ ఎంత పెరిగితే గీత కూడా అంతే లావెక్కుతుంది. ముందు ఆ గీత ఎంత చుక్కను కప్పిందో ఇప్పుడూ అంతే కప్పుతుంది. వాట్సాప్‌లో వచ్చిన మసక ఫొటోను వేళ్లతో సాగదీసి చూసినట్టే ఉంటుంది. వెలుతురూ పోతుంది. 40 మిల్లీమీటర్ల లెన్సు, 9ఎక్స్ దగ్గర కంటికి వచ్చే కాంతి వలయం 4.4 మిల్లీమీటర్లు. 18 దగ్గర 2.2. తల కొంచెం కదిలినా నల్లగా అయిపోతుంది.

ఇంకోటి, టరెట్ (గురి సర్దే మర) క్లిక్కులు మారవు. పావు మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక మినిట్) క్లిక్ అంటే 25 మీటర్ల దగ్గర దాదాపు 1.8 మిల్లీమీటర్లు. బూస్టర్ వేసినా అంతే జరుగుతుంది.

తుపాకీ_తమ్ముడు
మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు కొట్టింది స్కోప్ లేకుండానే 😀 ముందు చేయి కుదరాలి భాయ్.

గ్రానైట్_బెంచి
అది 10 మీటర్లు, నిలబడి, రింగ్ సైట్లతో (స్కోప్ బదులు చిన్న రంధ్రంలోంచి గురి చూసేవి) కొట్టే ఆట. ఇక్కడ రైఫిల్ ఇసుక సంచి మీద ఉంటుంది. రెండింటినీ కలపకు.

పెల్లెట్_పంతులు (మంచిర్యాల)
అసలు రోగం పారలాక్స్ అని నా అనుమానం, అంటే కన్ను పక్కకు జరిగితే క్రాస్‌హెయిర్ కూడా టార్గెట్ మీద జరిగినట్టు కనబడటం. 3-9×40 స్కోపుల్లో చాలా వాటికి కంపెనీలోనే 100 గజాలకు, అంటే 91 మీటర్లకు సెట్ చేసి పంపుతారు. నువ్వు కొట్టేది 25కి. కన్ను నడిమధ్యలో లేకపోతే, లెక్క ప్రకారం గురి గరిష్ఠంగా 14 మిల్లీమీటర్ల దాకా తప్పొచ్చు. అటు 14, ఇటు 14. నీ పది రూపాయల బిళ్ల అక్కడే ఉంది.

పరీక్ష చాలా తేలిక. రైఫిల్‌ని సంచుల మీద కదలకుండా పెట్టి, చెయ్యి తీసేసి, తల మాత్రం మెల్లగా పైకీ కిందికీ ఆడించు. క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద పాకుతుందేమో చూడు. పాకితే, కన్ను కొంచెం వెనక్కి జరిపి, స్కోప్ అంచున నల్ల వలయం చుట్టూ సమంగా కనబడేలా పెట్టుకొని కొట్టు. పైసా ఖర్చు లేదు.

ఓరుగల్లు177
చూశాను పంతులు గారూ. క్రాస్‌హెయిర్ నడిమి చుక్కలోంచి జారి పక్క రింగు దాటిపోయింది, రైఫిల్ మాత్రం ఉన్నచోటే ఉంది! మీరు చెప్పినట్టు నల్ల వలయం సమంగా పెట్టుకొని కొడితే గ్రూపు బొటనవేలి గోరంతకు వచ్చింది. కానీ ప్రతి షాట్‌కూ అలా కన్ను సర్దుకోవడం పెద్ద టెన్షన్.

సింగరేణి_రిటైర్డ్ (గోదావరిఖని)
బూస్టర్‌ని మరీ తీసిపారేయకండి. నాకు అరవై దాటాయి, 9ఎక్స్‌లో పెల్లెట్ రంధ్రం ఆనదు. చలికాలం పొద్దున పూట బూస్టర్ పెట్టుకుంటే ఎక్కడ పడిందో లేచి వెళ్లకుండానే తెలుస్తుంది. అంతవరకే దాని ఉపయోగం. ఏప్రిల్, మేలో ఎండెక్కిన రేగడి మీదుగా చూస్తే మాత్రం టార్గెట్ నీళ్లలో ఉన్నట్టు ఆడుతుంది. పవర్ పెంచిన కొద్దీ ఆ ఆటే పెద్దగా కనబడుతుంది. నీ తోటలో చెట్ల నీడ పడే వరసలో లైను పెట్టుకో.

తుపాకీ_తమ్ముడు
స్కోప్ ముందు వైపు లెన్సు రింగు విప్పి, లెన్సును కొద్దిగా బయటికి తిప్పితే పారలాక్స్ 25కి వస్తుందని యూట్యూబ్‌లో చూశా. చెయ్యొచ్చా?

పెల్లెట్_పంతులు
కొన్ని స్కోపులకు వస్తుంది. కాకపోతే ఆవిరి పట్టకుండా లోపల నింపిన నైట్రోజన్ పోతుంది, వానాకాలంలో లెన్సు లోపల ఆవిరి పడుతుంది. చవక స్కోప్ అయితే నీ ఇష్టం.

గ్రానైట్_బెంచి
డబ్బులు పెట్టేదుంటే బూస్టర్‌కి కాదు, ముందు వైపు లెన్సు దగ్గరో పక్కనో పారలాక్స్ తిప్పి సర్దుకునే స్కోప్‌కి పెట్టు. 10 మీటర్ల నుంచి ఫోకస్ అయ్యేది, సన్న గీత, 1/8 మినిట్ క్లిక్. పవర్ 24 చాలు. పోటీల వాళ్లు సైట్రాన్ 45×45, మార్చ్ 10-60×52 లాంటివి వాడతారు, ఆ ధరలు మనవి కావు. అమెరికాలో సెంటర్‌ఫైర్ (మందుగుండు తూటాల) రైఫిళ్ల బెంచ్‌రెస్ట్, అంటే బల్ల మీద ఆనించి కొట్టే పోటీల్లో, హంటర్ క్లాస్ అనే వర్గంలో 6ఎక్స్ మించకూడదని రూలు. దాంతోనే 100, 200 గజాలకు కొడతారు. ముందుముందు 25 మీటర్ల ఎయిర్ రైఫిల్ బెంచ్‌రెస్ట్ పోటీలకు పోవాలనుకుంటే బరువు కూడా చూసుకో. అంతర్జాతీయ లైట్ వార్మింట్ క్లాస్‌లో (తేలిక రైఫిళ్ల వర్గం) రైఫిల్ స్కోప్‌తో కలిపి 4.762 కిలోలు దాటకూడదు.

ఓరుగల్లు177
బూస్టర్ ఆలోచన మానుకున్నా అన్నా. 6-24×50 ఒకటి చూస్తున్నా, నా రైఫిల్ మీద స్కోప్ బిగించే పట్టా 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ రకం. ఏ ఎత్తు మౌంట్లు (స్కోప్‌ని పట్టే బిగింపులు) తీసుకోవాలి?

సింగరేణి_రిటైర్డ్
స్కోప్ ముందు వైపు లావు భాగం బ్యారెల్‌కి తగలకుండా ఎంత తక్కువ ఎత్తు కుదిరితే అంత. స్కోప్ చేతికొచ్చాక కొలిచి కొను, ముందే కొనకు.