పెళ్లి ఫోటోలు స్టూడియో పేజీలో పెట్టేశారు, తీసేయించొచ్చా?

ప్రశ్న:
డబ్బులిచ్చి మా చెల్లి పెళ్లి ఫోటోలు తీయించాం. ఇప్పుడు ఆ స్టూడియోవాళ్లు మంగళస్నానం ఫోటోలు కూడా ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రచారానికి పెట్టుకున్నారు, ఒక్క మాట అడగలేదు. తీసేయమంటే "తీసింది మేము, హక్కు మాదే" అంటున్నారు. చెల్లి రెండు రోజులుగా ఏడుస్తోంది. ఏం చేయాలండీ?

జవాబు 1:
ఆ మాట తప్పండీ. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బులిచ్చి ఫోటో తీయిస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. బుకింగ్ రోజు సంతకం పెట్టిన కాగితం మాత్రం ఒకసారి చూడండి, ప్రచారానికి వాడుకుంటామని చిన్న అక్షరాల్లో రాసి ఉండొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
చూశానండీ, అడ్వాన్స్ రసీదు తప్ప ఏమీ లేదు.

జవాబు 2:
2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పుతో గోప్యత ప్రాథమిక హక్కు అయింది కదా, అది చూపించండి.

జవాబు 1:
అది ముఖ్యంగా ప్రభుత్వం మీద నిలబడే హక్కు, స్టూడియో మీద నేరుగా వాడటం కష్టం. ఇక్కడ కాపీరైటే గట్టి ఆధారం.

జవాబు 3:
ముందు లింకులు, స్క్రీన్‌షాట్లు తేదీతో సహా దాచుకోండి, వాళ్లు తీసేశాక సాక్ష్యం దొరకదు. తర్వాత ఇన్‌స్టాగ్రామ్ కాపీరైట్ ఫారంలో ఫిర్యాదు పెట్టండి, రసీదు ఎవరి పేరు మీద ఉందో వాళ్ల చేతే పెట్టించండి. చెల్లికి ధైర్యం చెప్పండి, ఇందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు.