ఐసీయూ నుంచి వచ్చిన అమ్మ బైపాప్ మాస్కు ఉంచుకోవడం లేదు, యంత్రం మోగుతూనే ఉంది

అడిగినవారు (నరసరావుపేట):
అందరికీ నమస్కారం. రాత్రి భోజనాల వేళ నుంచి దీనితోనే కుస్తీ పడుతున్నాను, తెల్లవారుజాము కావస్తోంది. ఊపిరికి సాయంగా మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే ఈ బైపాప్ యంత్రం, మాస్కు పెట్టిన కాసేపటికే మోగుతోంది. గాలి పక్కకు పోతోందేమోనని పట్టీలు బిగించాను, ఇంకా బిగించాను. ముక్కు మీద చర్మం కందిపోయింది గాని మోత ఆగలేదు. అమ్మ ఊపిరాడడం లేదంటూ రెండు చేతులతో లాగి పారేస్తోంది. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే, వేలికి పెట్టే పరికరంలో 89 కనిపించేసరికి భయం వేసి ఆక్సిజన్ పెంచాను, ఇప్పుడు 97 ఉంది. ఆ సంగతి సరే, ఈ యంత్రం ఎందుకు మోగుతోంది? అమ్మిన దుకాణం వాళ్లు ఫోను ఎత్తడం లేదు. ఆసుపత్రిలో "రాత్రంతా పెట్టండి" అన్నారంతే, ఎలా పెట్టాలో ఎవరూ చూపించలేదు. తెలిసినవారు దయచేసి వెంటనే చెప్పండి.

యంత్రాల టెక్నీషియన్ (విజయవాడ):
మాస్కు ఫోటో పెట్టండి. జబ్బు ఏమిటి? ఆక్సిజన్ ఎంత రాశారు, మీరు ఎంత పెట్టారు?

ఇన్వర్టర్ల అనుభవజ్ఞుడు (ఒంగోలు):
ముందు ఇంట్లో కరెంటు సంగతి చూడండి. వోల్టేజీ పడిపోయినా ఈ యంత్రాలు మోగుతాయి. గదిలో గాలి నుంచి ఆక్సిజన్ తీసే 5 లీటర్ల కాన్సంట్రేటర్ దాదాపు 350 వాట్లు తీసుకుంటుంది, మామూలు ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లతో పాటు అది కూడా నడుస్తుందనుకోవద్దు. దానికి వేరే బ్యాటరీ ఉండాలి. బి రకం సిలిండర్ ఒకటి నింపి మూలన పెట్టుకోండి. అందులో సుమారు 1500 లీటర్లు పడుతుంది, నిమిషానికి 2 లీటర్ల చొప్పున వాడితే 12 గంటలు వస్తుంది. సిలిండర్ ఉన్న గదిలో దీపం, అగరుబత్తి, బీడీ ఏవీ వద్దు. మా పెదనాన్న ఇంట్లో ఈ ఏర్పాటు నేనే చేశాను, వివరాలు కావాలంటే రాస్తాను.

అడిగినవారు:
కరెంటు బాగానే ఉందండీ. ఫోటో పెట్టాను. సీఓపీడీ అన్నారు, అంటే ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బట. పొగ తాగే అలవాటు లేదు, నలభై ఏళ్లు కట్టెల పొయ్యి మీదే వంట చేసింది. ఆక్సిజన్ నిమిషానికి 1 లీటరు అని చీటీలో ఉంది, 4 పెట్టాను. మాస్కు ఐసీయూలో వాడినదే, పారేయడం ఎందుకని సిస్టర్ గారే సంచిలో వేసి ఇచ్చారు.

టెక్నీషియన్:
మాస్కుకు గొట్టం తగిలించే మలుపు ముక్క నీలం రంగుది. దాని మీద గాని, మాస్కు మీద గాని సన్నని రంధ్రాలు ఉన్నాయా?

అడిగినవారు:
లేవు.

టెక్నీషియన్:
అయితే ఆ మాస్కు తీసేయండి, మళ్లీ పెట్టవద్దు. ఆసుపత్రి వెంటిలేటర్‌కు గాలి లోపలికి ఒక గొట్టం, బయటికి ఒక గొట్టం ఉంటాయి. ఇంటి బైపాప్‌కు ఒక్కటే గొట్టం, వదిలిన గాలి మాస్కు రంధ్రాల గుండానే పోవాలి. రంధ్రాలు లేని మాస్కులో ఆమె తాను వదిలిన గాలినే మళ్లీ పీలుస్తోంది. పట్టీలు బిగించినకొద్దీ ఇంకా నష్టం. నీలం ముక్క అంటే సాధారణంగా రంధ్రాలు లేని రకమనే గుర్తు.

విశ్రాంత నర్సు (గుంటూరు):
బాబూ, అమ్మ ఇప్పుడు ఎలా ఉంది? మాట్లాడుతోందా?

అడిగినవారు:
ఇప్పుడే నిద్రపట్టిందండీ. లాగడం మానేసింది, ప్రశాంతంగా ఉంది. పిలిస్తే ఊఁ అని మళ్లీ కళ్లు మూసుకుంటోంది. సాయంత్రం తలనొప్పి అన్నది.

విశ్రాంత నర్సు:
అది నిద్ర కాదు నాయనా. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మత్తు అలాగే కమ్ముతుంది. 97 చూసి ధైర్యపడవద్దు, వేలికి పెట్టే పరికరం దాన్ని కొలవదు. ఈ జబ్బువాళ్లకు 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు, నువ్వు భయపడిన 89 అమ్మకు తగిన అంకే. ఆక్సిజన్ ఒక్కసారిగా ఆపేయవద్దు, అది మరో ప్రమాదం. పరికరం వేలికే ఉంచి 88 కంటే తగ్గకుండా చూసుకుంటూ, చీటీలో రాసిన 1 లీటరు వైపు తగ్గించు. ఇదంతా తరవాత, ముందు 108కి ఫోను చెయ్యి. చీటీ, యంత్రం, ఆ మాస్కు అన్నీ వెంట తీసుకెళ్లు. "సీఓపీడీ, 4 లీటర్లు పెట్టాం, మత్తుగా ఉంది" అని అంబులెన్స్‌లో వాళ్లకు చెప్పు.

విశ్రాంత అధ్యాపకుడు (హనుమకొండ):
ఈ విషయంలో చరిత్ర తెలుసుకోవాలి. 1952లో కోపెన్‌హేగన్ బ్లెగ్డామ్ ఆసుపత్రిలో పోలియో రోగులు ఊపిరాడక చనిపోతున్నారు. వారి రక్తంలో బైకార్బనేట్ ఎక్కువగా ఉంటే అదేదో క్షారగుణం అనుకున్నారు. అది కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడమేనని బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు గుర్తించారు. గొంతులో గొట్టం పెట్టించి, సుమారు 1500 మంది విద్యార్థులతో వంతులవారీగా చేత్తో సంచి నొక్కించి ఊపిరి పోశారు. నేటి ఐసీయూ అక్కడ పుట్టింది. ఆక్సిజన్ అందడం, లోపలి గాలి బయటికి పోవడం రెండూ వేరువేరు పనులని ప్రతి ఇంట్లోనూ తెలియాలి.

కోదాడ సభ్యుడు:
ఇంట్లో వెంటిలేటర్ పెట్టుకుంటే ఇలాగే అవుతుంది. అమ్మగారికి నచ్చనప్పుడు ఆ ఆక్సిజన్ యంత్రం మానేయండి.

టెక్నీషియన్:
బైపాప్ ఆక్సిజన్ యంత్రం కాదు. గదిలో గాలినే ఒత్తిడితో పంపుతుంది. ఆక్సిజన్ వేరే కాన్సంట్రేటర్ నుంచి దానికి కలపాలి.

కోదాడ సభ్యుడు:
మరి మా డాక్టరు దాన్ని వెంటిలేటర్ అన్నారే?

టెక్నీషియన్:
గొంతులో గొట్టం లేకుండా చేసే వెంటిలేషన్ కాబట్టి అన్నారు. బైపాప్‌లో పీల్చేటప్పుడు ఒకటి, వదిలేటప్పుడు ఒకటి, రెండు ఒత్తిళ్లు ఉంటాయి. సిపాప్ అనే యంత్రం వేరు, అందులో ఒక్కటే ఒత్తిడి. పేరు ఏదైనా డాక్టరు రాసిన రెండు ఒత్తిళ్ల అంకెలు చీటీలో ఉండాలి.

ఫిజియోథెరపిస్టు (కర్నూలు):
నచ్చకపోతే మానేయమనడం అన్యాయం. కార్బన్ డయాక్సైడ్ తగ్గకుండా ఇంటికి వెళ్లిన సీఓపీడీ రోగుల మీద బ్రిటన్‌లో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. ఆక్సిజన్ మాత్రమే వాడినవారు మళ్లీ ఆసుపత్రి పాలు కావడానికో, మరణానికో పట్టిన మధ్యస్థ కాలం 1.4 నెలలు. రాత్రి వెంటిలేషన్ కూడా తీసుకున్నవారిలో అది 4.3 నెలలు. ఇంత మేలు చేసేదాన్ని మాస్కు తప్పైనందుకు వదులుకోవడమా?

అడిగినవారు:
ఆసుపత్రి నుంచి రాస్తున్నాను. రక్తంలో గ్యాసు పరీక్ష చేశారు, కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగిందట. సరైన మాస్కుతో బైపాప్ పెట్టాక మధ్యాహ్నానికి కళ్లు తెరిచి కాఫీ అడిగింది. ఇంటికి వచ్చాక ఏం చేయాలో ముందే చెప్పండి. మంచం దిగితే కాళ్లు వణుకుతున్నాయి. ఊపిరితిత్తుల జబ్బుకు కాళ్లకు ఏం సంబంధం? మూడు బంతుల పరికరం ఊదమని కూడా ఇచ్చారు.

ఫిజియోథెరపిస్టు:
అది ఊదేది కాదు, పీల్చేది! బంతులన్నీ ఒక్క ఊపున పైకి లేపాలని రోగులను వేధిస్తారు. నెమ్మదిగా పీల్చి మొదటి బంతిని నిలబెడితే చాలు. అది ముఖ్యంగా ఆపరేషన్ అయినవారికి. మీ అమ్మగారికి గాలి లోపలికి వెళ్లడం కంటే బయటికి రావడం కష్టం. ముక్కుతో పీల్చి, వేడి పాలు చల్లార్చుకుంటున్నట్టు పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా వదలమనండి. ఆయాసం వస్తే కుర్చీలో ముందుకు వంగి మోచేతులు బల్ల మీద ఆనించాలి.

ఇక కాళ్లు. తీవ్రంగా జబ్బుపడి ఐసీయూలో ఉన్నవారికి పది రోజుల్లో తొడ కండరం దాదాపు 18 శాతం తగ్గినట్టు లండన్ వైద్యుల అధ్యయనం 2013లో తేల్చింది. వణుకు అందుకే. మొదట మంచం అంచున పాదాలు నేలకు ఆనించి కూర్చోబెట్టండి. తరవాత చేతులున్న కుర్చీలోంచి లేచి నిలబడడం, కూర్చోవడం. లేచేటప్పుడు గాలి వదలాలి. ఆయాసపడినా చిన్న చిన్న మాటలు మాట్లాడగలిగితే సరే. మాట రాకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, 88 కంటే తగ్గినా ఆపేయండి. ఆ రోజుకు స్నానాల గది దాకా నడిస్తే అదే వ్యాయామం.

విశ్రాంత నర్సు:
నీళ్లు తాగితే దగ్గు వస్తోందా? ఐసీయూలో గొంతులో గొట్టం పెట్టినవారికి మింగడం దెబ్బతినవచ్చు, మింగడం పరీక్షించే థెరపిస్టుకు చూపించకుండా పలచటివి పట్టవద్దు. గుడ్డు, పప్పు, పెరుగు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టు. కడుపు బిగిస్తే ఊపిరి తీయలేదు.

ఐసీయూలో చేతులు కట్టారా? చాలామందికి కడతారు. మొహం మీదికి ఏది వచ్చినా ఆ భయమే వాళ్లకు మళ్లీ వస్తుంది, మొండితనం అనుకోవద్దు. కొత్త మాస్కును పగటిపూట, పట్టీలు లేకుండా, ఆమె చేతికే ఇచ్చి మొహానికి ఆనించుకోనివ్వు. యంత్రం నడుస్తూ ఉండాలి. తీసేయాలనుకుంటే తీసుకోనివ్వు. నేను చూసినవారిలో ఎక్కువమంది రాత్రి ఉంచుకోగలిగింది ఇలా అలవాటైనాకే. కళ్లజోడు అందుబాటులో పెట్టు, ఇవాళ ఏ వారమో చెబుతూ ఉండు.

అడిగినవారు:
చేతులు కట్టారండీ. రాత్రి ఎవరో చంపడానికి వచ్చారని చెబుతోంది, మేం కల అని కొట్టిపారేశాం.

విశ్రాంత నర్సు:
కొట్టిపారేయవద్దు. వినండి. డాక్టరుకూ చెప్పండి, ఐసీయూ తరవాత వచ్చే సమస్యల్లో అదీ ఒకటి.

ఇన్వర్టర్ల అనుభవజ్ఞుడు:
ఇంటికి తెచ్చేలోపు బ్యాటరీ తీసుకోండి. ఇప్పుడున్నది ఎన్ని ఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యం కొలత)?

అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఫిజియో రేపు వస్తారట, మింగడం పరీక్ష కూడా అడిగాను. బ్యాటరీ సంగతి అన్నయ్యను అడిగి చెబుతాను.

కోదాడ సభ్యుడు:
ఆ మాస్కు ధర ఎంత పడింది? మా మామయ్యకు కూడా నీలం రంగుదే ఇచ్చారు.

టెక్నీషియన్:
ఫోటో పెట్టండి.