చలి, చెమ్మ రోజుల్లో గిన్నీ పిగ్స్‌ని పచ్చికలో వదలొచ్చా?

మాంచెస్టర్_తెలుగమ్మాయి
నమస్తే అండి. మా దగ్గర రెండు ఆడ గిన్నీ పిగ్స్ ఉన్నాయి, ఏడాది వయసు. వేసవంతా మధ్యాహ్నాలు పెరట్లో, కంచె రన్‌లో తిరిగాయి. ఇప్పుడు అక్టోబరు. పగలు 9–11 డిగ్రీలు, వాన లేని రోజు కూడా గడ్డి సాయంత్రం దాకా ఆరట్లేదు. ఇంట్లో హీటింగ్ 20 మీద ఉంటుంది. ఒక్క గంట వదిలితే ఏమైనా అవుతుందా? ఇక్కడ కొందరు ఏడాదంతా బయటి హచ్‌లోనే (చెక్క గూడులోనే) పెంచుతారు. పైగా ఇవి ఆండీస్ కొండల జంతువులే కదా?

పచ్చిక_రావు
ఆ చలికి ఆ తడి తోడైతే వద్దండి. పది నిమిషాలు కూడా వద్దు. ఇక్కడి జంతు సంక్షేమ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ వాళ్లు వీటికి 17–20 డిగ్రీలు సరైనవి అంటారు, 15 లోపు పడితే చలి ఎక్కువైనట్టే.

చలికన్నా చెమ్మే ఎక్కువ చేటు. వీటి పొట్ట దాదాపు నేలకి ఆనుతూ ఉంటుంది. తడి గడ్డిలో నాలుగడుగులు వేసేసరికి పొట్ట కింద బొచ్చు నానిపోతుంది. నానిన బొచ్చులో గాలి నిలవదు, ఒంట్లో వేడి ఆగదు. కిలో బరువుండే ప్రాణి ఎంతసేపని తట్టుకుంటుంది? దానికితోడు 20 నుంచి 9కి, మళ్లీ 20కి రోజూ తిప్పడం ఇంకా చెరుపు.

ఎండ కాసి 15 దాటిన రోజున వదలాలనుకుంటే ముందు పొడి టిష్యూ కాగితం గడ్డి మీద అదిమి చూడండి. తడి అంటితే ఆ రోజుకి లేదు. అంటకపోతే మధ్యాహ్నం 15–20 నిమిషాలు చాలు. రన్‌లో ఒక మూల అట్టపెట్టె బోర్లించి, లోపల ఎండుగడ్డి దట్టంగా వేయండి. లోపలికి తెచ్చాక పొట్ట, పాదాలు చేత్తో తడిమి చూడండి. చెమ్మ ఉంటే తువ్వాలుతో అద్ది, హెయిర్ డ్రయ్యర్ బాగా తక్కువలో పెట్టి, జానెడు పైనే దూరం నుంచి ఆరబెట్టండి. ఆ చప్పుడుకి బెదిరితే తువ్వాలు ఒక్కటే మేలు.

వాటికి కావలసింది గడ్డి కాబట్టి గడ్డినే లోపలికి తెండి. కుక్కలు, నక్కలు తిరగని చోట కత్తెరతో రెండు గుప్పెళ్లు కోసి, దులిపి, తువ్వాలు మీద ఆరనిచ్చి అదే రోజు పెట్టండి. మానేసి చాలా రోజులైతే చిటికెడుతో మొదలుపెట్టి పెంచండి. లాన్‌మోవర్ కోసిన గడ్డి మాత్రం ముట్టనివ్వొద్దు. నలిగిన గడ్డి కుప్పలో వేడెక్కి పులుస్తుంది, తింటే పొట్ట ఉబ్బుతుంది.

హచ్_మేస్త్రి
ఆండీస్ మాట అందరూ అనేదే. పెరూ పల్లెల్లో వీటిని పెంచేది వంటింట్లో, పొయ్యి దగ్గర. అడవి జాతివైనా చలికి దట్టమైన పొదల్లోనో బొరియల్లోనో దూరతాయి. ఏ చాటూ లేని తడి పచ్చిక మీద కూర్చోవు.

బయటి హచ్ సంగతి: నేలకి ఆనించకుండా కాళ్ల మీద ఎత్తులో ఉండాలి, పడక గది నిండా ఎండుగడ్డి ఉండాలి, తడిసింది రోజూ తీసేయాలి. తడి పరుపు మీద నిలబడితే అరికాళ్లు ఎర్రబడి పుళ్లవుతాయి. జనం చేసే పెద్ద పొరపాటు, చలి అని ప్లాస్టిక్ పట్టాతో నాలుగు వైపులా మూసేయడం. ఊపిరి తేమ, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా లోపలే ఉండిపోయి ఊపిరితిత్తులని దెబ్బతీస్తాయి. కారు పెట్టే గ్యారేజీలోకి మార్చడమూ మంచిది కాదు, పొగ.

బొచ్చుడాక్టర్
జలుబు చేస్తే ఇవి బయటపడనివ్వవు. వారానికోసారి, ఒకే వేళకి, వంటింటి తూకం మీద తూచి రాసుకోండి. వారంలో 50 గ్రాములు తగ్గితే ఓ కన్నేసి ఉంచండి. బొచ్చు నిక్కబొడుచుకుని ముడుచుకు కూర్చోవడం, కళ్ల అంచున పుసి, ముక్కు కారడం, ఊపిరి తీస్తుంటే గురగుర, వీటిలో ఏది కనిపించినా అదే రోజు వెట్ దగ్గరికి వెళ్లండి. తిండి మానేస్తే రేపటిదాకా ఆగొద్దు, పేగు కదలిక ఆగిపోతుంది.

మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల సంచిలో అమాక్సిసిలిన్ ఉంటుంది. పిల్లల సిరప్ కదా అని చుక్క పోశారో, పేగుల్లోని మంచి బాక్టీరియా చచ్చి ప్రాణం మీదికొస్తుంది. విక్స్ రాయడం, ఆవిరి పట్టడం కూడా వద్దు.

విటమిన్ సి వీటి ఒంట్లో తయారవదు. కిలో బరువుకి రోజుకి 10–30 మిల్లీగ్రాములు తిండి నుంచే అందాలి. రోజూ ఒక ముక్క బెంగళూరు మిర్చి (క్యాప్సికం) ఇవ్వండి. నీళ్లలో కలిపే చుక్కలు త్వరగా చెడిపోతాయి, నమ్ముకోవద్దు.

మాంచెస్టర్_తెలుగమ్మాయి
చాలా థాంక్సండి. పెరటి వైపు కన్సర్వేటరీ ఉంది, అందులో వదిలితే?

పచ్చిక_రావు
పగటికి సరే, రాత్రికి అనుమానమే. అద్దాల గది ఎండకి వేడెక్కినంత త్వరగానే చల్లబడుతుంది. కనిష్ఠం, గరిష్ఠం చూపించే థర్మామీటర్ నేల మీద, అవి ఉండే ఎత్తులోనే, ఒక పగలూ రాత్రీ ఉంచి చూడండి. బల్ల మీద పెడితే లెక్క తప్పు వస్తుంది. టైల్స్ మీద మందపాటి ఫ్లీస్ పరిచి, తలుపు సందు నుంచి గాలి తగలని మూల చూసి రన్ పెట్టండి. రాత్రి 15 లోపు పడుతుంటే సాయంత్రమే గదిలోకి మార్చేయండి.