చెయ్యెత్తిన పిల్లల్నే అడగాలా, చీటీ తీసి పేరు పిలవాలా?

గాజువాక సైన్స్ టీచర్:
మా స్టాఫ్‌రూంలో వారం రోజులుగా ఒకటే వాదన. కొత్తగా చేరిన టీచర్ ఒకరు ఏడో తరగతి పిల్లల పేర్లన్నీ చీటీల మీద రాసి డబ్బాలో వేసుకున్నారు. ప్రశ్న అడిగాక చీటీ తీస్తారు, ఎవరి పేరు వస్తే వాళ్ళు చెప్పాలి. చెయ్యెత్తడాలు లేవు. సీనియర్లకి ఇది నచ్చలేదు. పిల్లల్ని బెదరగొట్టే పద్ధతి అంటున్నారు.

నేను చీటీల పక్షం. చేతులెత్తే క్లాసు ఎలా నడుస్తుందో మనందరికీ తెలుసు. ముందు బెంచీల్లో అవే నాలుగు చేతులు లేస్తాయి. వాళ్ళలో ఒకరు జవాబు చెప్తారు, మనం వెరీ గుడ్ అని బోర్డు వైపు తిరుగుతాం. పాఠం అర్థమైంది ఆ నలుగురికే. మిగతావాళ్ళకి, వినకపోయినా గడిచిపోతుందని జూన్ నెలాఖరుకే తెలిసిపోతుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. బోధన మీద పరిశోధన చేసే డిలన్ విలియం బ్రిటన్‌లో ఒక స్కూల్లో పుల్లల మీద పిల్లల పేర్లు రాయించి ఇదే చేయించారు. 2010లో బీబీసీ టీవీలో చూపించారు కూడా. తమాషా ఏమిటంటే, అక్కడ ముందు విసుక్కున్నది బాగా చదివే పిల్లలే. తెలిసినా చెప్పే ఛాన్సు రావట్లేదని వాళ్ళ బాధ. మీరేమంటారు?

పెందుర్తి లెక్కల మాస్టారు (రిటైర్డ్):
టీచర్ గారూ, చీటీ తియ్యడమంటే మన తెలివిని డబ్బాకి అప్పగించడం. ఏ ప్రశ్న ఎవరిని అడగాలో టీచర్‌కి తెలియాలి. నేను భీమిలి వైపు పల్లెల్లో పనిచేశాను. సులువైన మెట్టు వెనక బెంచీ వాణ్ణి అడిగేవాణ్ణి, మెలిక ఉన్నది ముందు బెంచీ వాణ్ణి. వాడు చెప్పగలిగిందే వాడికి పడేది. చీటీకి ఆ వివేకం ఎక్కడిది? భాగహారం రాని పిల్లాడికి బీజగణితం ప్రశ్న తగిలిందనుకోండి. లేచి నిలబడతాడు, క్లాసు నవ్వుతుంది, మర్నాడు బడికి రాడు. సముద్రం మీదకో, ఆటో స్టాండుకో పోతాడు. అలాంటివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి బతిమాలి తెచ్చుకున్నవాణ్ణి నేను.

ఎంవీపీ కాలనీ అమ్మ:
మాస్టారూ, సరిగ్గా చెప్పారు. మా పాప ఆరో తరగతి, ప్రైవేటు స్కూలు. పేరు పిలిచి అడిగే పీరియడ్ ఉన్న రోజునే దానికి పొద్దున్న కడుపునొప్పి. ఇంట్లో అడిగితే జవాబు తెలుగులో గడగడా చెప్తుంది. స్కూల్లో ఇంగ్లీషులోనే చెప్పాలి. మాటలు పేర్చుకునేలోపు వేరేవాళ్ళని పిలిచేస్తారు, ఇది పీరియడ్ అయ్యేదాకా నిలబడాలి. దీన్ని స్ట్రాటజీ అంటారా?

ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) బీఈడీ విద్యార్థి:
నిలబెట్టడం స్ట్రాటజీ కాదండీ, శిక్ష. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. జవాబు రాలేదని పీరియడంతా నిలబెడితే అది అందులోకి రాదని వాదించడం కష్టం.

కానీ మీ పాప విషయంలో అసలు లోపం పేరు పిలవడంలో లేదనుకుంటాను. ‘మాటలు పేర్చుకునేలోపు’ అన్నారు చూడండి, అక్కడుంది. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ క్లాసులు రికార్డు చేసి విన్నారు. ప్రశ్న అడిగాక టీచర్లు జవాబు కోసం ఆగుతున్నది సుమారు ఒక్క సెకను! ఆ వ్యవధిని మూడు సెకన్లకి పెంచితే జవాబులు పొడవయ్యాయి, నోరు మెదపనివాళ్ళు తగ్గారు, మామూలుగా మాట్లాడని పిల్లలు మాట్లాడారు. మూడు సెకన్లే. ముందు ప్రశ్న, తర్వాత మౌనం, ఆ తర్వాతే పేరు. పేరు ముందు పిలిస్తే మిగతా క్లాసంతా అక్కడితో ఆలోచించడం మానేస్తుంది.

పెందుర్తి లెక్కల మాస్టారు:
బాబూ, ఆగడం సరే. సిలబస్ ఆగుతుందా?

గాజువాక సైన్స్ టీచర్:
రోజుకి పది ప్రశ్నలకి మూడేసి సెకన్లు ఆగితే పోయేది అర నిమిషం మాస్టారూ. అసెంబ్లీలో మైకు సరిచేసుకోవడానికి అంతకంటే ఎక్కువ పోతుంది.

అమ్మగారూ, భయం గురించి ఒక మాట. అమెరికాలో డాలిమోర్ బృందం 2013లో ఒక పరిశీలన ప్రచురించింది. పేరు పిలిచి అడగడం ఎక్కువగా ఉన్న క్లాసుల్లో, రోజులు గడిచేకొద్దీ తమంతట తామే జవాబిచ్చేవాళ్ళు పెరిగారు. చర్చలో మాట్లాడటానికి ఇబ్బంది కూడా తగ్గింది.

ఎంవీపీ కాలనీ అమ్మ:
ఆ పరిశీలన స్కూలు పిల్లల మీదేనా?

గాజువాక సైన్స్ టీచర్:
కాదండీ, కాలేజీ విద్యార్థుల మీద.

ఎంవీపీ కాలనీ అమ్మ:
అయితే మా పాపకి ఇంకా చాలా ఏళ్ళుందిలెండి.

అరిలోవ ప్రైమరీ టీచర్:
ఇంతమంది ఇంత మాట్లాడారు, పలక ఎవరికీ గుర్తు రాలేదా? ఒక్కరిని అడగడమే ఎందుకు? అందరినీ అడగండి. ప్రశ్న బోర్డు మీద రాయండి, అందరూ పలక మీద జవాబు రాసి, ‘చూపించండి’ అనగానే పైకెత్తాలి.

ఉదాహరణకి 0.45, 0.5 వీటిలో ఏది పెద్దది? చెయ్యెత్తిన అమ్మాయి 0.5 అంటుంది, మీరు ముందుకెళ్ళిపోతారు. చీటీ తీసినా ఒక్కడి సంగతే తెలుస్తుంది. పలకలెత్తిస్తే, 5 కంటే 45 పెద్దది కదా అని 0.45 రాసినవాళ్ళు ఎంతమందో వరసగా కనబడతారు. సగం క్లాసు అదే రాస్తే దశాంశ స్థానాలు మళ్ళీ మొదలుపెట్టాలి. ముగ్గురే రాస్తే వాళ్ళని తర్వాత పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు. ఈ నిర్ణయం ఆ నిమిషంలోనే తీసుకోవాలి. యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దేటప్పుడు తెలిసి ఏం లాభం?

భాష సమస్య ఉన్న పిల్లలకి కూడా ఇది మేలు. అంకె రాయడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. మన సర్కారు బడి పుస్తకాల్లో ఎలాగూ ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. ప్రశ్న రెండు భాషల్లోనూ అడగండి, ఎవరు కాదంటారు?

ఏయూ బీఈడీ:
మేడమ్, ప్రాక్టీస్ టీచింగ్‌లో ప్రయత్నించాను. ఎనిమిదో తరగతి మగపిల్లలు ‘మేమేమన్నా ఒకటో క్లాసా సార్’ అని నవ్వారు. పైగా పక్కవాడి పలక చూసి రాస్తారు. సోషల్‌లో ‘ఎందుకు’ అనే ప్రశ్నకి పలక చాలదు.

అరిలోవ ప్రైమరీ టీచర్:
పలక అంటే నామోషీ అయితే ప్లాస్టిక్ ఫైల్ కవర్లో తెల్ల కాగితం పెట్టి వైట్‌బోర్డ్ మార్కర్ ఇవ్వండి. పాత గుడ్డతో తుడిస్తే పోతుంది. కాపీ కొట్టకుండా, రాశాక బోర్లా పెట్టించి అందరిచేతా ఒక్కసారే ఎత్తించాలి. ‘ఎందుకు’ ప్రశ్నలకి సరిపోదన్నది నిజమే. అక్కడ ముందు పక్కవాళ్ళతో మాట్లాడుకోనిచ్చి, తర్వాత ఒకరిని అడగాలి.

పెందుర్తి లెక్కల మాస్టారు:
పలకకి నేను ఓటేస్తాను. చీటీకి వెయ్యను.

గాజువాక సైన్స్ టీచర్:
పలకలు చూశాక ‘ఎందుకలా రాశావు’ అని ఒకరినైనా అడగాలి కదా మాస్టారూ. ఆ ఒకరిని ఎలా ఎంచుతారు?

పెందుర్తి లెక్కల మాస్టారు:
ముఖం చూసి.

గాజువాక సైన్స్ టీచర్:
నా భయం అదే. ముఖం చూసి ఎంచితే, చూడగానే మనకి హుషారుగా అనిపించేవాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తారు. మూల కూర్చున్న నెమ్మది ఆడపిల్ల వంతు రాదు. అరకు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లాడి వంతూ రాదు. చీటీకి ముఖాలు కనబడవు. నమ్మకం లేకపోతే, ఒక నెల పాటు ఎవరిని అడిగితే వాళ్ళ పేరు పక్కన టిక్ పెట్టుకుని చూడండి.

పెందుర్తి లెక్కల మాస్టారు:
రిటైరయ్యాడు కదా, తప్పించుకుంటాడనుకోకండి. ఇంటికి ట్యూషన్‌కి వచ్చే పిల్లలున్నారు. టిక్కులు పెడతాను. తేడా ఉందని తేలితే మనిషిని మార్చి అడుగుతాను గానీ, చీటీ మాత్రం తియ్యను.